వంతలు ‘ఎవరయా’ అన్న చోట

మా అమ్మమ్మ మా అమ్మను జీవితంలో ఒకే ఒక్కసారి కొట్టిందట. ఎనభై దాటినా అమ్మ ఆ దెబ్బ మరిచిపోలేదు. పెళ్ళి పందిట్లో, చర్చి వరండాలో, మా వంటింట్లో, నలుగురు చేరితే చాలు, ఏదో సందు చూసుకుని ఆ కథ తీస్తుంది. అప్పటికి తనకు నాలుగైదేళ్ళు. పట్టపగలు. ఇంటి మూల గలగలలాడే ఇత్తడి వస్తువేదో దొరికితే దానితో ఆడుకుంటోంది. గుమ్మం దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్న అమ్మమ్మ గబగబా లోపలికి వచ్చి, ఆ వస్తువు లాక్కుని, చెంప ఛెళ్ళుమనిపించి, మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళిపోయింది. ఓదార్చలేదు, ఎత్తుకోలేదు. ఎందుకు కొట్టిందో ఆ రోజూ చెప్పలేదు, పోయేదాకా చెప్పలేదు.

“కొడితే కొట్టింది. ఎందుకో చెప్పాలా వద్దా?” అని అమ్మ ఆ కథ ముగిస్తుంది. చెప్పాల్సిందే అంటారు వినేవాళ్ళు. నేనూ చిన్నప్పటి నుంచీ అలాగే అంటూ వచ్చాను.

అమ్మ దగ్గర రెండో కథ ఒకటి ఉంది. అది వాళ్ళ నాన్నది.

మాది రేపల్లె పక్కన ఒక పల్లె. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం వచ్చి నేను తెనాలిలో స్థిరపడ్డాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. వచ్చిన కొత్తలో తను అడిగి మరీ వెళ్ళిన మొదటి చోటు ఊరి మధ్య చౌకులో ఉన్న స్తూపాలు. క్విట్ ఇండియా రోజుల్లో తెనాలి స్టేషన్ తగలబడి, కాల్పులు జరిగి, మనుషులు పోయారు కదా, వాళ్ళ జ్ఞాపకంగా కట్టినవి అవి. అలా పోయినవాళ్ళలో మా తాతయ్య ఒకడని అమ్మ నమ్మకం, మా అందరి నమ్మకం. ఆ వేసవిలో పని వెతుక్కుంటూ తెనాలి వెళ్ళాడు, ఆగస్టులో కాల్పులు జరిగాయి, ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. స్తూపాల దగ్గర తాతయ్య పేరు నాకు ఎక్కడా కనిపించలేదు. అదే అడిగితే, “అందరి పేర్లూ రాళ్ళ మీద పడతాయా? అందుకే కదే పాట కట్టింది” అంది అమ్మ.

ఆ పాట ఒక బుర్రకథలోది. మధ్యలో తంబుర మీటుతూ, వేళ్ళకు తొడుక్కున్న అందెలు మోగిస్తూ కథ చెప్పే మనిషి. అటొకరు ఇటొకరు గుమ్మెటలు వాయిస్తూ తందాన అనే వంతలు. స్టేషన్ ఘట్టం చివర్లో కథ చెప్పే మనిషి గొంతు తగ్గించి పాడతాడు:

పట్టాల నడుమ పడినవాడెవరయా
పైరుగాలి నేల కన్నవాడెవరయా

వంతలిద్దరూ “ఎవరయా, ఎవరయా” అని అడుగుతారు. గుమ్మెటలు ఆగుతాయి. అప్పుడు పేరు వస్తుంది. మా తాతయ్య పేరు, ఇంటిపేరుతో, ఊరి పేరుతో. అమ్మ బడికి వెళ్ళే రోజుల్లో మా ఊళ్ళో ఆ కథ చెప్పారట. ఆ పేరు దగ్గర ఊరు ఊరంతా లేచి నిలబడిందట. మర్నాడు బళ్ళో మాస్టారు అమ్మను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారట. మా చర్చిలో ఇప్పటికీ ప్రతి ఆగస్టులో పాస్టరుగారు ప్రార్థనలో ఆ పేరు తలుస్తారు.

ఆ పాట మాకు ఎంత అవసరమో చెప్పకపోతే ఈ గొడవంతా అర్థం కాదు. మాది లూథరన్ చర్చికి వెళ్ళే కుటుంబం. “మీది దొరల మతం కదండీ, దొరలు వెళ్ళిపోతే మీకు దిగులుగా లేదా” అని నవ్వుతూ అడిగేవాళ్ళు అమ్మ చిన్నప్పుడూ ఉన్నారు, నా ఆఫీసులోనూ ఉన్నారు. నవ్వుతూ అన్నమాటకు కోపం తెచ్చుకోకూడదని లోకం అంటుంది. నాకు ముక్కు మీద కోపం. టిఫిన్ డబ్బా మూత పెట్టేసి, అక్కడికక్కడే ఆ చరణం పాడేదాన్ని. నా గొంతు వింటే కాకులు లేచిపోతాయి, అయినా పాడేదాన్ని. పేరు చెప్పి, “ఆయన మా తాత” అనేదాన్ని. ఆ తర్వాత ఎవరూ కిక్కురుమనేవాళ్ళు కాదు. మా ఇంటి తలుపుకి గడియ ఏదంటే ఆ రెండు పాదాలే.

కిందటి వేసవిలో ఊరి కమిటీ వాళ్ళు ఫోన్ చేశారు. పంద్రాగస్టుకి అమ్మను వేదిక ఎక్కించి శాలువా కప్పుతారట, ఆ బుర్రకథే మళ్ళీ పెట్టిస్తారట. కథ కట్టినాయన ఎప్పుడో పోయాడు. ఆయన కూతురు కర్లపాలెం వైపు ఉంటుందని, డెబ్బై దాటినా కథ చెబుతోందని, ఆ వారంలోనే బాపట్లలో ఒక సభలో ఆ కథే ఉందని తెలిసింది. నేను వెళ్ళి మాట్లాడి వస్తానన్నాను.

అమ్మ ఆ పూట నుంచే చీరలు తీసి మంచం మీద పరిచింది. “నాన్న పేరు ఊళ్ళో ఇంకొక్కసారి విన్నానంటే చాలే. ఆ తర్వాత ప్రభువు ఎప్పుడు పిలిచినా వెళ్ళిపోతా” అంది. తండ్రి మొహం ఆమెకు గుర్తు లేదు. ఫొటో లేదు. సమాధి లేదు. తండ్రి అంటే ఆమెకు ఆ పేరు వచ్చే చోటు ఒక్కటే.

బాపట్లలో సభ ఒక కల్యాణ మండపంలో. నేను వెళ్ళేసరికి కథ మొదలైంది. నిజం చెప్పాలంటే, ఆ కథ మొత్తంగా నేను వినడం అదే మొదటిసారి. చిన్నప్పటి నుంచీ అమ్మ నోట విన్న ఆ చరణమే నాకు కథంతా. ఎర్ర అంగీ, తలపాగా, చేతిలో తంబుర పట్టుకుని ఆ పెద్దావిడ వేదిక ఈ చివర నుంచి ఆ చివరకి అడుగు వేస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది. నిజంగా పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పాడింది. జనం చప్పట్లు కొట్టలేదు, తల వంచుకుని విన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించింది. పట్టాల నడుమ పడినవాడెవరయా. నేను కుర్చీ అంచుకి జరిగాను. ఫోన్ తీసి రికార్డు నొక్కాను, అమ్మకి వినిపించాలని.

ఎవరయా, ఎవరయా అన్నారు వంతలు. గుమ్మెటలు ఆగాయి. ఆవిడ పేరు చెప్పింది.

మా తాతయ్య పేరు కాదు. ఎవరిదో పేరు. కర్లపాలెం వాస్తవ్యుడట. ముందు వరసలో ఒక కుటుంబం మొత్తం కళ్ళు తుడుచుకుంటోంది. మండపం చప్పట్లతో అదిరిపోయింది.

నాకు మతి పోయింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే లేచి నిలబడ్డాను.

“ఆపండి. ఆ పేరు కాదు. అక్కడ పడింది మా తాత” అన్నాను.

ముందు వరసలో ఒక పెద్దమనిషి వెనక్కి తిరిగాడు. “మీ తాతేంటండి? మా పెదతాత. మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.”

“కర్లపాలెం మనిషికి తెనాలి స్టేషన్లో ఏం పనండి?”

“మీ తాతకేం పనో మా పెదతాతకీ అదే పని” అన్నాడాయన.

నా పక్కన కూర్చున్నామె నా కొంగు పట్టుకుని కిందికి లాగుతోంది. వేదిక మీద నవ్వించే వంత ఉన్నాడు, ఆ పని అతనిదే, వెంటనే అందుకున్నాడు. “చూశారా బాబూ, దేశం కోసం పోయినవాడు మావాడంటే మావాడని తగువులాడుకుంటున్నారు. పన్ను కట్టనివాడి కోసం ఎవరైనా ఇలా లేస్తారా” అన్నాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం మొహం మాడ్చుకుని కూర్చున్నాను. కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. ఆ చప్పట్లు అచ్చం అమ్మ చెప్పే చప్పట్లే. ఆ కుటుంబం ఏడుపు అచ్చం మా ఏడుపే.

సభ అయిపోగానే వేదిక వెనక్కి వెళ్ళాను. ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అంగీ గుండీలు విప్పుకుని, టీ తాగుతోంది.

“ఇందాక లేచింది నువ్వేనా? కూర్చోమ్మా. టీ తాగుతావా?”

“టీ సంగతి తర్వాతండి. మా తాత పేరు ఎందుకు తీసేశారు?”

ఆవిడకి కోపం రాలేదు, నవ్వింది. నాకు ఆ నవ్వు చూసి ఇంకా మండింది.

“తియ్యలేదమ్మా. ఆ చోటు ఎవరిదీ కాదు. ఏ ఊళ్ళో చెబితే ఆ ఊళ్ళో ఎవరింట అన్నం తింటామో, ఆ ఇంట్లో పోయిన పెద్దాయన పేరు అక్కడ పాడతాం. మా నాన్న పెట్టిన వరస. మధ్యాహ్నం ఆ కర్లపాలెం వాళ్ళే మాకు భోజనం పెట్టారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే జాతి కాదు మాది.”

“అంటే అబద్ధం పాడతారా? దేశం కథలో?”

“నిజంగా పోయినవాళ్ళ పేర్లు ముందే పాడాం, విన్నావుగా. వాటి మీద మేం చెయ్యి వెయ్యం. ఈ చివర పడినవాడు ఒక్కడికి మా నాన్న పేరు పెట్టలేదు. కావాలనే వదిలేశాడు. ఎక్కడో తెనాలిలో ఎవరో పోయారంటే జనం అయ్యో పాపం అని ఇంటికెళ్ళి పడుకుంటారు. మీ వీధి మనిషి పోయాడంటే కడుపు రగులుతుంది. దేశం అంటే ఏంటో అప్పుడు తెలిసొస్తుంది. తెల్లారేసరికి అందరికీ అది పాటేనని తెలుసు. కొంతమందికి తెలియనట్టుంది” అని నా వైపు చూసింది.

ఎన్ని ఊళ్ళు తిరిగి ఉంటారు వీళ్ళు. ఎన్ని ఇళ్ళలో అన్నం తిని ఉంటారు. అన్నిచోట్లా ఒక్కో తాత పట్టాల నడుమ పడిపోయాడు. వాళ్ళందరిలో మా తాత ఒకడు. నేను టిఫిన్ డబ్బా మూసి అందరి ముందూ పాడింది ఒక పూట భోజనానికి చెప్పిన థాంక్స్ అన్నమాట.

“ఇంతకీ ఏ ఊరు మీది?” అంది ఆవిడ.

చెప్పాను. చర్చి వెనక ఇల్లని కూడా చెప్పాను.

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుంది. “చర్చి వెనక ఇల్లా? ఆ తల్లి మనవరాలివా నువ్వు?” అంది. గొంతు మారిపోయింది.

“ఆ ఊళ్ళో మేం పేరు మార్చం. ఎవరింట తిన్నా సరే, ఆ ఊళ్ళో ఆ ఒక్క పేరే పాడాలని మా నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు.”

నాకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. “అంటే మా తాత నిజంగానే స్టేషన్ దగ్గర…”

“లేదమ్మా.” ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “మీ తాత పటాలంలో చేరాడు. దొరల తరఫున బర్మా వైపు యుద్ధానికెళ్ళాడు. మళ్ళీ కబురు లేదు. మీకు ఎవరూ చెప్పలేదా?”

నేను తల అడ్డంగా ఊపానో లేదో కూడా నాకు గుర్తు లేదు. దొరల పటాలం అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మావాళ్ళను ఏ మాట అని ఏడిపించారో, ఆ మాటే నిజమైపోయినట్టనిపించింది. ఆవిడ మాత్రం చెప్పుకుంటూ పోయింది.

ఆ రోజుల్లో ఈ కథ చెప్పకూడదని నిషేధం. పోలీసులు దళాన్ని వెతుకుతున్నారు. ఆవిడ నాన్న, ఇద్దరు వంతలు కాలవ గట్టున నడిచి మా ఊరు చేరారు. తలుపు తట్టిన ప్రతి ఇంట్లోనూ లేదు పొమ్మన్నారు. మా అమ్మమ్మ తీసింది. అటక మీద ఎక్కించింది, తంబుర, గుమ్మెటలు ధాన్యం గాదెలో దాచింది. గోంగూర, ఎండురొయ్యలు వండి పైకి అందించింది. అలా కొన్నాళ్ళు ఉన్నారు. ఒక మధ్యాహ్నం పోలీసులు వీధి వెంట ఇల్లిల్లూ గాలిస్తూ వచ్చారు. అమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, “మా ఆయన దొరల పటాలంలో ఉన్నాడు. ఆయన అక్కడ యుద్ధం చేస్తుంటే ఇక్కడ ఆయన ఇల్లు గాలిస్తారా?” అందట. వాళ్ళు తటపటాయించారట. అంతలో లోపలి నుంచి అందె చప్పుడు.

“హడావుడిలో ఒక అందె గాదె పక్కన పడిపోయిందంట. ఇంట్లో పసిది ఉండేదంట, అది దాన్ని పట్టుకుని ఆడించిందంట. బుర్రకథ వాళ్ళ అందె చప్పుడు తెలియని పోలీసుంటాడా? పైన మా నాన్న ఊపిరి బిగబట్టాడంట. ఆ తల్లి లోపలికొచ్చి అందె లాక్కుని పిల్లని ఒక్కటి పీకిందంట. పిల్ల ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చిందంట. ఇంకేం వినబడుతుందమ్మా ఆ ఏడుపులో? ఏదో పిల్ల ఆటవస్తువు అనుకుని, పిల్లను చూసుకోమ్మా అని పోలీసులు వెళ్ళిపోయారంట. ఆ దెబ్బ నా చెంప మీద పడ్డట్టుందే అని మా నాన్న పోయేదాకా అనేవాడు.”

ఆ పసిది తెనాలిలో మంచం మీద చీరలు పరుచుకుని కూర్చుని ఉంది.

“ఊళ్ళో వాళ్ళకి తెలియదా, ఆయన పటాలంలో చేరాడని?” అని అడిగాను.

“తెలిసినవాళ్ళు తెలిసే ఊరుకున్నారేమో. పాట బాగుంది కదమ్మా. స్వతంత్రం వచ్చాక మా నాన్న ఆ ఊరెళ్ళి కథ చెప్పాడు. మీ అమ్మమ్మని అడిగాడంట, తల్లీ నీ పేరు పెడతానని. నా పేరెందుకు, ఆయన ఎలాగూ రాడు, పిల్లకి తండ్రి కావాలి, ఆయన పేరే పెట్టు అందంట.”

రైల్లో కూర్చున్నాక నాకు కోపం వచ్చింది. అందరి మీదా వచ్చింది. చెప్పకుండా పోయిన అమ్మమ్మ మీద, చెప్పిన ఈ పెద్దావిడ మీద, మూర్ఖంగా అన్ని సంవత్సరాలు పాడిన నా మీద. పొన్నూరు దాటింది, పొలాల్లో నారుమళ్ళు కనిపిస్తున్నాయి, ఎదురుగా కూర్చున్నామె జామకాయ కోసి ఇస్తే వద్దన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నేను ఎవరికీ చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. పంద్రాగస్టు అయిపోవాలి. అమ్మ శాలువా కప్పించుకోవాలి. ఆ పేరు వినాలి. ఆ పెద్దావిడ ఎలాగూ మా ఊళ్ళో పేరు మార్చదు. నోరు మూసుకుంటే నాకు పోయేదేముంది?

అన్నీ వచ్చు గాని నాకు నోరు మూసుకోవడమే రాదు. గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ అడిగింది.

“ఒప్పుకుందా? నాన్న పేరు పాడిందా? రికార్డు చేశావా?”

నా మొహం చూసి, “ఏంటే? ఎవరన్నా పోయారా?” అంది.

చెప్పేశాను. స్టేషన్ దగ్గర తాతయ్య లేడని, పటాలంలోకి వెళ్ళాడని, ఆ చోట ప్రతి ఊళ్ళోనూ ఒక పేరు ఉంటుందని, నిలబడే చెప్పేశాను. అమ్మ చేతిలో చీర మడత జారిపోయింది. “ఎవరే చెప్పింది? అబద్ధం” అంది. “మాస్టారు నన్ను ముందు కూర్చోబెట్టారు” అంది. ఎనభై దాటిన మనిషి, చిన్నపిల్ల మాట్లాడినట్టే మాట్లాడింది. ఇంకా చెప్పాల్సింది ఉంది. అటక సంగతి, గాదె సంగతి, గుమ్మం దగ్గర పోలీసుల సంగతి చెప్పాను. అందె సంగతి చెప్పాను.

అమ్మ చెయ్యి దానంతటదే చెంప మీదికి వెళ్ళింది.

“ఏడవాలనా?” అంది. “నేను ఏడవాలని కొట్టిందా?”

అవునన్నాను.

ఆ చెయ్యి చాలాసేపు చెంప మీదే ఉంది. నేను మంచినీళ్ళు తెచ్చి పెడితే తాగలేదు. వాళ్ళ నాన్న గురించి అడుగుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. కాసేపటికి, “వాళ్ళకి ఏం వండిపెట్టిందంట?” అని అడిగింది.

“గోంగూర, ఎండురొయ్యలు.”

“మా అమ్మ గోంగూర బాగా చేసేది” అని గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడే అమ్మ చీరలన్నీ మళ్ళీ బీరువాలో పెట్టేసింది. ప్రార్థనకు కూర్చుంటే లేచేది కాదు. ఎవరి కోసం ప్రార్థిస్తోందో, బర్మా అడవుల్లో పోయిన తండ్రి కోసమో, గుమ్మంలో నిలబడ్డ తల్లి కోసమో నాకు అర్థమయ్యేది కాదు. కమిటీ వాళ్ళు ఫోన్ చేస్తే నేనే ఏదో చెప్పి పెట్టేసేదాన్ని. చివరికి ఒక ఉదయం టిఫిన్ తింటూ అంది.

“నేను వస్తానని చెప్పు. నాన్న పేరు మాత్రం పాడొద్దని ఆవిడతో చెప్పు.”

నేను ఉలిక్కిపడ్డాను. విచిత్రం చూడండి, ఉన్నమాట మొహాన అనేసే మనిషినని పేరు పడ్డ నేను ఆ రోజు అబద్ధం వైపు వాదించాను. “ఎందుకమ్మా? ఎవరికి నష్టం? ఊళ్ళో అన్నేళ్ళుగా తల ఎత్తుకుని తిరిగాం. ఇప్పుడు మైకులో మా నాన్న దొరల సిపాయి అని చెబుతావా? వాళ్ళు ఏమంటారో నీకు తెలియదా?”

“తెలుసు. వాళ్ళన్నవి అన్నీ నేను పడ్డవేగా” అంది అమ్మ. “నాన్న ఆకలికి వెళ్ళాడే. ఆయన్ని ఏమన్నా అంటే అననీ. నేను మాత్రం ఇన్నాళ్ళూ ఊరూరా మా అమ్మ మీద చెప్పుకు తిరిగాను. కొట్టింది, కొట్టింది అని. ఆ మాట నేనెక్కడ వెనక్కి తీసుకోవాలి? ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి చెప్పనా?”

కర్లపాలెం ఫోన్ చేశాను. ఆ పెద్దావిడ అంతా విని, “నాన్న ఒట్టు దాటాలంటావా” అంది. తర్వాత, “సరే, మీ అమ్మ చెబితే దాటినట్టు కాదులే” అంది.

పంద్రాగస్టు సాయంత్రం మా ఊరి బడి ఆవరణలో షామియానా వేశారు. జెండా ఎగురుతోంది. అమ్మ ముందు వరసలో, నీలం అంచు తెల్ల చీరలో. ఊరు ఊరంతా వచ్చింది, పాస్టరుగారు, గుడి పూజారిగారు పక్కపక్కనే కూర్చున్నారు. కథ మొదలైంది. స్టేషన్ ఘట్టం వచ్చింది, పోయినవాళ్ళ పేర్లు పాడారు. పట్టాల నడుమ పడినవాడెవరయా అనగానే జనంలో పెద్దవాళ్ళు లేవడానికి కుర్చీ చేతుల మీద బరువు మోపారు. వాళ్ళకి తెలుసు ఏ పేరు వస్తుందో.

ఎవరయా, ఎవరయా అన్నారు వంతలు. గుమ్మెటలు ఆగాయి. ఆవిడ పేరు చెప్పలేదు.

“పేరు తెలియనివాడయా” అని పాడింది.

సగం లేచినవాళ్ళు అలాగే ఉండిపోయారు. వెనక వరసలో ఒక ముసలాయన, “పేరు మరిచిపోయిందిరా” అన్నాడు. ఆవిడ మరిచిపోలేదు. వేదిక మెట్లు దిగి అమ్మ ముందుకు వచ్చి నిలబడింది. తంబుర మీటుతూ, అప్పటిదాకా కథలో లేని మాట పాడింది:

పోలీసు కాళ్ళు గుమ్మాన నిలువంగ
పొట్టకింత పెట్టి దాచిందెవరమ్మా

ఎవరమ్మా, ఎవరమ్మా అన్నారు వంతలు.

అమ్మ లేచింది. నేను పట్టుకోబోతే చెయ్యి తోసేసింది. మైకు పెడితే అటూ ఇటూ చూసింది. అమ్మమ్మ పేరు చెప్పాలని రిహార్సల్ చేసుకుంది, ఇంటిపేరుతో సహా. ఆ పేరు నోటికి రాలేదు.

“మా అమ్మ” అంది.

ఊరు కదల్లేదు. అమ్మ మైకు వదల్లేదు. “మా నాన్న స్టేషన్ దగ్గర పోలేదయ్యా. ఆకలికి పటాలంలో చేరి పోయాడు. వీళ్ళ నాన్నని మా అమ్మ అటక మీద దాచింది. పోలీసులు వచ్చారు. నేను చప్పుడు చేశాను. అందుకు కొట్టింది. అదీ సంగతి. మీ అందరికీ కొట్టిందనే చెప్పాను కదా. అందుకు కొట్టింది” అని కూర్చుంది.

ఎవరైనా ఏమైనా అంటే ఏం చేయాలో ముందే ఆలోచించుకుని, పళ్ళు బిగించుకుని కూర్చున్నాను నేను. వెనక ముసలాయన కుర్చీ చప్పుడైంది. ఆయన లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత పక్కన ఇంకొకరు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి కూర్చున్నవాళ్ళు కనిపించలేదు.

పెద్దావిడ తన వేలికున్న అందె తీసి అమ్మ ఒళ్ళో పెట్టింది. వాళ్ళ నాన్న వాడిందే, ఇత్తడి అరిగి నున్నబడిపోయింది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. గుర్తుపట్టిందో లేదో తెలియదు. వేలికి తొడుక్కుంది. ఒకసారి గుమ్మం వైపు చూసినట్టు గేటు వైపు చూసింది. గేటు దగ్గర బందోబస్తుకి వచ్చిన కానిస్టేబుల్ కూడా టోపీ సర్దుకుని నిలబడే ఉన్నాడు.

అమ్మ చెయ్యెత్తి అందె ఆడించింది. ఆపకుండా, గట్టిగా, చెయ్యి నొప్పి పుట్టేదాకా ఆడించింది.